రెండో మైల్స్ ఖాతా ఏది? బెంగళూరు నుంచి ఎగిరేవారి కోసం ఒక సమీక్ష

బెంగళూరులో ఉద్యోగం చేస్తూ, పండుగకో పెళ్ళికో విజయవాడ, విశాఖ, రాజమహేంద్రవరం వెళ్ళివస్తూ, ఏడాదిలో కొన్నిసార్లు కంపెనీ పని మీదనో అమెరికాలో ఉన్న తోబుట్టువులను చూడటానికో సముద్రాలు దాటే తెలుగువారికి ఎగిరినకొద్దీ మైళ్ళు అనే పాయింట్లు జమచేసి వాటితో టికెట్లు ఇచ్చే ఏదో ఒక విమాన సంస్థ సభ్యత్వం ఎలాగూ ఉంటుంది. దేశంలో ఎగిరే ప్రతి పదిమందిలో ఆరుగురికి పైగా ఇండిగోలోనే ఎగురుతున్నారు కనుక అది ఆ సంస్థ పథకం బ్లూచిప్ అయినా అయి ఉంటుంది, లేదా ఎయిర్ ఇండియా వారి మహారాజా క్లబ్ అయినా అయి ఉంటుంది. ఈ సమీక్ష ఆ మొదటి ఖాతా గురించి కాదు. దానికి తోడుగా ఒక విదేశీ సంస్థ పథకంలో చేరదలచినవారు, కెంపేగౌడ విమానాశ్రయం నుంచి నేరుగా నడిచే సేవలను దృష్టిలో ఉంచుకుని దేన్ని ఎంచుకోవాలన్నదే ఇక్కడి విషయం. సింగపూర్ ఎయిర్‌లైన్స్ క్రిస్‌ఫ్లయర్, ఎయిర్ ఫ్రాన్స్–కేఎల్ఎం ఫ్లయింగ్ బ్లూ, ఖతార్ ఎయిర్‌వేస్ ప్రివిలేజ్ క్లబ్ ఈ మూడింటినీ నేను వాడాను. లుఫ్తాన్సా, ఎమిరేట్స్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ పథకాలను వాటి నిబంధనలు చదివి తూచాను. నా ఎంపిక ఖతార్ వారిది. అయితే అది అందరికీ సరిపోయే ఎంపిక కాదు, ఎవరికి ఎందుకు సరిపోదో కూడా చెబుతాను.

అసలు రెండో ఖాతా ఎందుకని అడిగితే బెంగళూరు పాతకాపులెవరైనా కింగ్‌ఫిషర్ పేరు తీస్తారు. ఈ ఊరినే కేంద్రంగా చేసుకుని వెలిగిన ఆ సంస్థ 2012 అక్టోబరులో విమానాలు ఆపేసినప్పుడు కింగ్ క్లబ్ ఖాతాల్లో కూడబెట్టుకున్న మైళ్ళు ఎందుకూ కొరగాకుండా పోయాయి. 2019 ఏప్రిల్ 17న జెట్ ఎయిర్‌వేస్ ఆఖరి విమానం దిగినప్పుడు మాత్రం అంత నష్టం జరగలేదు; జెట్ ప్రివిలేజ్ అప్పటికే ఎతిహాద్ మెజారిటీ వాటాతో విడి కంపెనీగా నడుస్తూ ఉండటం వల్ల ఇంటర్‌మైల్స్‌గా పేరు మార్చుకుని నిలబడింది. విస్తారా 2024 నవంబరు 12న ఎయిర్ ఇండియాలో కలిసిపోయినప్పుడు క్లబ్ విస్తారా పాయింట్లు ఒకటికి ఒకటి చొప్పున బదిలీ అయ్యాయి, కానీ పై స్థాయి సభ్యత్వానికి వేసుకున్న పాత లెక్కలన్నీ పక్కన పెట్టి కొత్తవి నేర్చుకోవలసి వచ్చింది. విమాన సంస్థ మునిగినా, మరొకదానిలో కలిసినా, లేక నిబంధనలు మాత్రమే మార్చినా దెబ్బ తినేది ఖాతాలో మైళ్ళు దాచుకున్నవాడే కనుక, దాచుకునే చోటు ఒక్కటే ఉండకూడదన్నది నా మొదటి వాదన.

ఇక్కడ ఒక నియమం గుర్తుంచుకోవాలి. ఒక ప్రయాణానికి మైళ్ళు ఒకే ఖాతాలో పడతాయి, రెండింటిలో పడవు. ఎయిర్ ఇండియా 2014 జులై నుంచి స్టార్ అలయన్స్ సభ్యసంస్థ; ఒకరి విమానం ఎక్కినా మరొకరి ఖాతాలో మైళ్ళు వేసుకోనిచ్చే విమాన సంస్థల కూటమి అది. సింగపూర్ ఎయిర్‌లైన్స్, లుఫ్తాన్సా, థాయ్ కూడా అదే కూటమిలో ఉన్నాయి. కాబట్టి మహారాజా క్లబ్ మొదటి ఖాతాగా ఉన్నవారు రెండోదిగా క్రిస్‌ఫ్లయర్‌ను గానీ లుఫ్తాన్సా వారి మైల్స్ అండ్ మోర్‌ను గానీ తెరిస్తే, ఒకే చెరువు నీటిని రెండు కాలువల్లోకి మళ్ళించినట్టవుతుంది. ఏ కాలువ కింద పొలమూ తడవదు. అలాంటివారు ఖతార్, బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఉన్న వన్‌వరల్డ్ కూటమి వైపో, ఎయిర్ ఫ్రాన్స్, కేఎల్ఎం ఉన్న స్కైటీమ్ కూటమి వైపో చూడటం మేలు. ఇండిగో ఏ కూటమిలోనూ లేదు కనుక బ్లూచిప్‌ను మొదటి ఖాతాగా పెట్టుకున్నవారికి ఈ చిక్కు లేదు, వారు మూడు కూటముల్లో దేన్నైనా నిశ్చింతగా ఎంచుకోవచ్చు. మరొక సంగతి చాలామంది గమనించరు. ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ అదే టాటాల సంస్థే అయినా స్టార్ అలయన్స్ సభ్యసంస్థ కాదు, కాబట్టి తరచుగా ఎగిరేవారికి ఆ కూటమిలో దక్కే పై స్థాయి సభ్యత్వమైన స్టార్ గోల్డ్ కార్డు చూపిస్తే ఆ విమానానికి లాంజ్ తెరుచుకోదు. బెంగళూరు నుంచి ఆంధ్ర నగరాలకు ఎక్స్‌ప్రెస్ విమానాల్లో తిరిగేవారు ఆ కార్డు విలువను ఈ మేరకు తగ్గించి చూసుకోవాలి.

రెండో ఖాతా తెరిచేవారిలో అధికశాతం మనసులో ఉండేది రెండో గోల్డ్ కార్డు. నాకు ఆ ఆశ మీద నమ్మకం లేదు. గోల్డ్ వల్ల వచ్చే లాభాలు ప్రధానంగా మూడు: లాంజ్, ముందు వరస, అదనపు సామాను. లాంజ్ విషయానికి వస్తే, ఊరి ఎస్టీడీ కోడ్‌నే పేరుగా పెట్టుకున్న టెర్మినల్ 2లోని 080 లాంజ్‌లోకి మంచి క్రెడిట్ కార్డు ఉన్నవారికి ప్రవేశం దొరుకుతూనే ఉంది. బ్యాంకులు ఈ మధ్య ఖర్చు పరిమితులు పెట్టి బిగిస్తున్న మాట నిజమే అయినా, ఒక పూట ఇడ్లీ, కాఫీ కోసం ఏడాదంతా ఒకే సంస్థ విమానాల వెంట పడటం లెక్కకు నిలవదు. ముందు వరస అంటే విమానం ఎక్కే క్రమమే తప్ప విమానం ముందుగా ఎగరదు. సామాను మాత్రం మన ఇళ్ళల్లో నిజమైన లాభం. స్టార్ గోల్డ్ ఉంటే బరువు లెక్కన నడిచే దారుల్లో అదనంగా 20 కిలోలు, పెట్టెల లెక్కన నడిచే అమెరికా దారిలో అదనంగా ఒక పెట్టె తీసుకుపోవచ్చు. ఆవకాయ జాడీలు, కందిపొడి, సున్నుండలు, మనవడికి పట్టుపంచె అన్నీ సర్దిన తర్వాత చెక్-ఇన్ కౌంటర్ దగ్గర పెట్టె తెరిచి చీరలు ఒకదాంట్లోంచి మరొకదాంట్లోకి మార్చే దృశ్యం ఎవరికి తెలియదు? కానీ ఈ సదుపాయం కార్డు ఉన్న మనిషికే వర్తిస్తుంది. అమ్మానాన్నలు మాత్రమే వెళుతున్నప్పుడు కొడుకు గోల్డ్ కార్డు వారి పెట్టెలకు అక్కరకు రాదు. అందుకే రెండో పథకాన్ని కార్డు రంగును చూసి కాకుండా, మైళ్ళను ఇంట్లోవారి టికెట్లుగా ఎంత సులువుగా మార్చుకోవచ్చో చూసి ఎంచుకోవాలంటాను.

ఈ కొలతతో ముందుగా క్రిస్‌ఫ్లయర్‌ను చూద్దాం. బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ మూడింటి నుంచీ సింగపూర్ ఎయిర్‌లైన్స్ నడుస్తోంది. దాని చౌక విభాగం స్కూట్ విశాఖపట్నం నుంచి కూడా సింగపూర్‌కు ఎగురుతోంది. ఈ సంస్థకు ఎయిర్ ఇండియాలో 25.1 శాతం వాటా ఉంది. తన సొంత విమానాల్లో మైళ్ళతో తీసుకునే టికెట్ల మీద ఇంధన సర్‌చార్జిని 2017 మార్చిలోనే ఎత్తేయడం ఈ పథకంలో నాకు అన్నింటికన్నా నచ్చిన విషయం, ఎందుకంటే ఇతర సంస్థల దగ్గర ‘ఉచిత’ టికెట్టు మీద పడే ఈ సర్‌చార్జే ఒక్కోసారి మామూలు టికెట్టు ధరలో సగానికి చేరుతుంది. వెబ్‌సైటు వాడకం తేలిక. నెలనెలా కొన్ని ఊళ్ళకు తక్కువ మైళ్ళతో టికెట్లిచ్చే స్పాంటేనియస్ ఎస్కేప్స్ అనే తగ్గింపు కూడా ఉంది, సెలవు తేదీలను మార్చుకోగలిగినవారికి అది బాగా ఉపయోగపడుతుంది.

గోల్డ్ సంగతి మాత్రం మరచిపోవడమే మంచిది. క్రిస్‌ఫ్లయర్ ఎలీట్ గోల్డ్‌కు పన్నెండు నెలల్లో 50,000 ఎలీట్ మైళ్ళు, అంటే స్థాయిని లెక్కగట్టే మైళ్ళు, కావాలి. బెంగళూరు నుంచి సింగపూర్ సుమారు 2,000 మైళ్ళు; అన్నింటికన్నా చౌకైన ఎకానమీ లైట్ టికెట్టు మీద దూరంలో సగమే జమ అవుతుంది కనుక రానుపోను కలిపి దక్కేది 2,000. అంటే ఆ టికెట్లతో ఏడాదిలో ఇరవై ఐదు సార్లు సింగపూర్ వెళ్ళిరావాలి. ఇంకొక లోపం కాలపరిమితి. మైళ్ళు పడిన నాటి నుంచి మూడేళ్ళకు, మీరు ఖాతాను వాడుతున్నా వాడకపోయినా, చెల్లకుండా పోతాయి. రుసుము కట్టి ఆరు నెలలు పొడిగించుకోవచ్చు, అంతే. 2022 జులైలో ఒకసారి, 2025 నవంబరులో మరొకసారి టికెట్లకు కావలసిన మైళ్ళను పెంచారు కూడా. ఇంట్లోవారికి టికెట్టు తీయాలంటే ముందుగా వారిని నామినీలుగా నమోదు చేయాలి, ఐదుగురికి మించి కుదరదు. అమ్మ, నాన్న, అత్తగారు, మామగారు, భార్య అనుకుంటే పిల్లల దగ్గరికి వచ్చేసరికే జాబితా నిండిపోతుంది.

లుఫ్తాన్సా గురించి నాలుగు మాటలు చాలు. బెంగళూరు నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కు ఎప్పటినుంచో, మ్యూనిక్‌కు 2023 నవంబరు నుంచి నేరుగా ఎగురుతోంది. మైల్స్ అండ్ మోర్‌లో 2024 నుంచి పాయింట్ల పద్ధతి వచ్చింది: ఫ్రీక్వెంట్ ట్రావెలర్‌కు 650, స్టార్ గోల్డ్‌తో సమానమైన సెనేటర్‌కు 2,000. జర్మన్ కంపెనీల్లో పనిచేస్తూ బిజినెస్ తరగతిలో తరచుగా తిరిగేవారికి తప్ప ఇతరులకు ఈ అంకెలు అందవు, వారికి నేను చెప్పవలసిందీ లేదు.

ఫ్లయింగ్ బ్లూ మాత్రం కాస్త నిలబడి చూడవలసిన పథకం. ఎయిర్ ఫ్రాన్స్ పారిస్‌కు, కేఎల్ఎం ఆమ్‌స్టర్‌డామ్‌కు బెంగళూరు నుంచి నేరుగా నడుపుతున్నాయి. 2025 సెప్టెంబరు నుంచి కేఎల్ఎం హైదరాబాద్‌కు కూడా వస్తోంది. ఇక్కడ స్థాయిని నిర్ణయించేది మైళ్ళు కాదు, ఎక్స్‌పీ అనే వేరే పాయింట్లు. ఒక్కో విమానానికి దూరాన్ని బట్టి ఎకానమీలో ఇన్ని అని స్థిరంగా ఇస్తారు, ప్రీమియం ఎకానమీలో దానికి రెట్టింపు, బిజినెస్‌లో మూడింతలు. మన దారిలో లెక్క వేద్దాం. బెంగళూరు నుంచి ఆమ్‌స్టర్‌డామ్ 3,500కూ 5,000కూ మధ్య మైళ్ళ తరగతిలోకి వస్తుంది కనుక 10. ఆమ్‌స్టర్‌డామ్ నుంచి శాన్‌ఫ్రాన్సిస్కో 5,000 మైళ్ళు దాటుతుంది కనుక 12. వెళ్ళడానికి 22, రావడానికి 22, మొత్తం 44. సిల్వర్‌కు 100 కావాలి, ఆపైన గోల్డ్‌కు మరో 180. అంటే ఎకానమీలో రెండుసార్లు అమెరికా వెళ్ళివచ్చినా 88 దగ్గర ఆగిపోతారు. అదే ప్రయాణం ఒక్కసారి బిజినెస్ తరగతిలో చేస్తే 132 వచ్చి సిల్వర్ దక్కడమే కాక 32 మిగిలి తర్వాతి లెక్కలోకి చేరుతుంది. టికెట్టు ఎంతకు కొన్నారన్న దానితో ఎక్స్‌పీకి సంబంధం లేదు. కంపెనీ ట్రావెల్ డెస్క్ ఎంత చౌక టికెట్టు తీసినా అదే ఎక్స్‌పీ వస్తుందన్నది ఉద్యోగులకు నిజంగా అనుకూలమైన నియమం, ఇతర పథకాల్లో ఇది అరుదు.

కానీ ఖర్చుపెట్టదగిన మైళ్ళు టికెట్టు ధరను బట్టే వస్తాయి: తొలి స్థాయి సభ్యుడికి పన్నులు పోను ఒక యూరోకు 4. వెయ్యి యూరోల టికెట్టు మీద నాలుగు వేల మైళ్ళు అనుకుంటే, వాటితో అమ్మానాన్నలిద్దరినీ అమెరికా పంపడానికి ఎన్నేళ్ళు పడుతుందో చదువరులే ఊహించుకోవచ్చు. పైగా మైళ్ళ టికెట్టు మీద సర్‌చార్జి కూడా పడుతుంది. నెలనెలా ప్రకటించే ప్రోమో రివార్డ్స్ తగ్గింపులో బెంగళూరు కనిపించిన నెలలో పట్టుకుంటే మాత్రం మంచి బేరమే. తరచుగా ఐరోపా వెళ్ళేవారికి, ముఖ్యంగా పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌లలో కార్యాలయాలున్న కంపెనీల ఉద్యోగులకు, నేను ఖతార్ కన్నా ముందు దీన్నే సిఫారసు చేస్తాను.

ఎమిరేట్స్ బెంగళూరుకు 2022 అక్టోబరు నుంచి ఏ380 విమానాన్ని నడుపుతోంది, దుబాయ్ తెలుగువారికి రెండో ఊరు. అయినా స్కైవార్డ్స్‌ను రెండో ఖాతాగా ఎంచుకోలేకపోయాను. ఈ సంస్థ ఏ కూటమిలోనూ లేదు. మొదటి ఖాతా బ్లూచిప్ అయితే రెండూ ఒంటరి ఖాతాలే అవుతాయి. దుబాయ్‌లో బంధువులున్నవారికి లెక్క వేరు. బ్రిటిష్ ఎయిర్‌వేస్ బెంగళూరు, చెన్నై, హైదరాబాద్ మూడింటి నుంచీ లండన్ వెళుతుంది గానీ, 2025 ఏప్రిల్ 1 నుంచి అక్కడ స్థాయి పూర్తిగా ఖర్చు మీద ఆధారపడింది: సంస్థ విమానాల్లో పెట్టిన ప్రతి పౌండుకు ఒక టైర్ పాయింటు, సిల్వర్‌కు 7,500. రూపాయల్లోకి మార్చి చూసుకుంటే ఎనిమిది లక్షల పైమాటే.

మరి వీటన్నిటి మధ్య ఖతార్ ఎలా నెగ్గింది? ఒక్క మాటలో చెప్పాలంటే ఎవియోస్ వల్ల. 2022 మార్చిలో ఖతార్ ఎయిర్‌వేస్ తన సొంత క్యూమైళ్ళను విడిచి, బ్రిటిష్ ఎయిర్‌వేస్, ఐబీరియా వాడే ఎవియోస్ అనే పాయింట్లను తన పథకంలోకి తీసుకుంది. 2024లో ఫిన్‌ఎయిర్ కూడా చేరింది. ఖాతాలను ఒకదానితో ఒకటి అనుసంధానం చేస్తే ఈ సంస్థల మధ్య ఎవియోస్ ఒకటికి ఒకటి చొప్పున అటూ ఇటూ కదులుతాయి. దోహా దారిలో సీటు లేకపోతే అదే నిల్వను బ్రిటిష్ ఎయిర్‌వేస్ ఖాతాలోకి పంపి లండన్ దారిలో వెతకవచ్చు. కింగ్‌ఫిషర్ అనుభవం ఉన్న ఊరివారికి దీని విలువ వేరే చెప్పనక్కరలేదు. కాలపరిమితి కూడా ఉదారంగా ఉంది: మూడేళ్ళలో ఒక్కసారైనా ఖాతాలో జమ గానీ ఖర్చు గానీ జరిగితే మొత్తం నిల్వకు మళ్ళీ మూడేళ్ళ ఆయువు వస్తుంది. క్రిస్‌ఫ్లయర్‌లో ప్రతి మైలుకూ దాని చావు తేదీ ముందే రాసి ఉంటుంది, ఇక్కడ అలా కాదు.

రెండో కారణం ఊళ్ళు. ఖతార్ విమానాలు బెంగళూరు, హైదరాబాద్, చెన్నై మూడింటి నుంచీ బయలుదేరుతాయి. దోహా నుంచి డాలస్, హ్యూస్టన్, అట్లాంటా, చికాగో, సియాటిల్, శాన్‌ఫ్రాన్సిస్కోలకు నేరుగా వెళతాయి. మన వాళ్ళు ఎక్కువగా స్థిరపడిన అమెరికా ఊళ్ళ పట్టీ అడిగితే ఎవరైనా దాదాపు ఇవే పేర్లు చెబుతారు. నేను బెంగళూరు నుంచి ఎగిరి కూడబెట్టిన ఎవియోస్‌తో అమ్మానాన్నలు హైదరాబాద్‌లో విమానమెక్కి, ఒక్క మార్పుతో డాలస్‌లో మా చెల్లెలి ఇంటికి చేరుకోవడం సాధ్యమవుతుంది. దానికోసం వారు బెంగళూరు దాకా రానక్కరలేదు. మైళ్ళతో తీసుకున్న టికెట్టుకైనా వీల్‌చైర్ సేవ మామూలు టికెట్టుకు ఉన్నట్టే ఉచితం. నడవలేకపోవడం వల్ల కాదు, దోహా లాంటి పెద్ద విమానాశ్రయంలో ఇంగ్లీషు రాక గేటు వెతుక్కోలేకపోవడం వల్లనే పెద్దవాళ్ళలో చాలామంది దీన్ని కోరుకుంటారు. బుకింగ్ పూర్తి కాగానే పీఎన్‌ఆర్‌తో అడిగి నమోదు చేయించుకోవడం మంచిది, చివరి వారంలో అడగడం కన్నా.

మూడోది కుటుంబ ఖాతా. ఇంట్లోవారి సభ్యత్వాలను ఒక గుంపుగా చేర్చి అందరి ఎవియోస్‌నూ ఒకచోట పోగు చేసుకునే వీలు ఖతార్ ఇస్తోంది. పిల్లల పేరిట పడే ఎవియోస్ చిన్న మొత్తాలే అయినా నలుగురివి కలిసేసరికి ఒక వైపు టికెట్టుకు చాలినంత అవుతాయి. ఫ్లయింగ్ బ్లూలోనూ ఇలాంటి కుటుంబ ఖాతా ఉంది గానీ దానిలో పెద్దలు ఇద్దరికే చోటు, మిగిలినవారు పిల్లలై ఉండాలి. ఉమ్మడి కుటుంబాల లెక్క ఆ నియమం రాసినవారికి తట్టలేదనుకుంటాను.

లోపాలు చిన్నవి కావు. తక్కువ ఎవియోస్‌తో దొరికే సీట్లు మే, జూన్, డిసెంబరు నెలల్లో, అంటే మన పిల్లలకు సెలవులుండి అమెరికా పిల్లలకూ సెలవులుండే రోజుల్లో, కనిపించడమే గగనం. అదే ఫిబ్రవరిలోనో సెప్టెంబరులోనో బయలుదేరగలిగే విశ్రాంత దంపతులకు రెండేసి సీట్లు పక్కపక్కన దొరుకుతాయి. టికెట్టు మీద పన్నులకు తోడు రుసుములు ఉంటాయి, అవి క్రిస్‌ఫ్లయర్ కన్నా ఎక్కువే. గోల్డ్‌కు ఏడాదిలో 300 క్యూపాయింట్లు అనే స్థాయి పాయింట్లు కావాలి, ఎకానమీ ప్రయాణికులకు అది దూరపు మాట. గల్ఫ్ ఆకాశం సంగతి వీటన్నిటికన్నా పెద్దది. 2025 జూన్ 23 సాయంత్రం ఖతార్ తన గగనతలాన్ని కొన్ని గంటల పాటు పూర్తిగా మూసివేసినప్పుడు విమానాలు దారి మళ్ళి ఎక్కడెక్కడో దిగాయి. అంతకుముందు 2017 జూన్ నుంచి 2021 జనవరి వరకు పొరుగు దేశాలు ఖతార్ విమానాలను తమ ఆకాశంలోకి రానివ్వలేదు. అయినా ఆ మూడున్నరేళ్ళూ సంస్థ ఇరాన్ మీదుగా చుట్టు తిరిగి నడుస్తూనే ఉంది. ఇది భయపడవలసిన చోటు అనను గానీ, పెద్దవాళ్ళను పంపేటప్పుడు మందులు పెట్టెలో కాకుండా చేతిసంచిలో పెట్టించవలసిన దారి అని మాత్రం అంటాను.

ఏ పథకంలో చేరినా మన వాళ్ళకు ఎదురయ్యే ఒక చిక్కును విడిగా చెప్పాలి, ఎందుకంటే ఇతర భాషల వారు రాసే సమీక్షల్లో ఇది కనిపించదు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది, పాత సర్టిఫికెట్లలో అది ఒక్క అక్షరంగా కుదించుకుపోయి ఉంటుంది, పాస్‌పోర్టులో మాత్రం సర్‌నేమ్ గడిలో పూర్తిగా విడమరిచి ఉంటుంది. కొందరి పాస్‌పోర్టులో ఆ గడి ఖాళీగానే ఉంటుంది. విమాన సంస్థ కంప్యూటరు టికెట్టు మీది పేరునూ ఖాతాలోని పేరునూ అక్షరం అక్షరం పోల్చి చూసి, కుదరకపోతే మైళ్ళు జమ చేయదు. మా నాన్నగారి ఖాతాను ఒక సంస్థ దగ్గర వారి బ్యాంకు పాస్‌బుక్కులో ఉన్నట్టు ఇంటిపేరు తొలి అక్షరంతో తెరిచారు. టికెట్టు పాస్‌పోర్టు ప్రకారం పూర్తి పేరుతో వచ్చింది. అమెరికా వెళ్ళివచ్చిన ప్రయాణం మొత్తానికి ఒక్క మైలు కూడా పడలేదు. పేరు సరిచేయడానికి పాస్‌పోర్టు ప్రతి పంపాలి, ఆ తర్వాత జమ కోసం వేరే అర్జీ పెట్టాలి, ఆ అర్జీకి బోర్డింగ్ పాస్‌లు, పదమూడు అంకెల టికెట్టు నంబరు అడుగుతారు. సంస్థ పంపిన తొలి జవాబుల్లో ఒకదానికీ అడిగినదానికీ పొంతన లేదు. ఖాతా తెరిచేటప్పుడే పాస్‌పోర్టు ఎదుట పెట్టుకుని, గివెన్ నేమ్ గడిలోది మొదటి పేరుగా, సర్‌నేమ్ గడిలోది చివరి పేరుగా, మార్పు లేకుండా దించాలి. తిరిగివచ్చి మైళ్ళు ఖాతాలో కనిపించే వరకు బోర్డింగ్ పాస్ ముక్కను పారేయకూడదు. టికెట్టు నంబరులో మొదటి మూడు అంకెలు ఆ టికెట్టును జారీ చేసిన సంస్థవి: ఖతార్‌ది 157, సింగపూర్‌ది 618, ఎయిర్ ఇండియాది 098. ఒక సంస్థ టికెట్టుతో మరో సంస్థ విమానం ఎక్కే కోడ్‌షేర్ ప్రయాణాల్లో టికెట్టు ఎవరిది, విమానం ఎవరిది అన్న గందరగోళం వచ్చినప్పుడు ఈ అంకెలు దారి చూపుతాయి.

ఇదే వరసలో టికెట్టు మీద తరగతి పక్కన ఉండే ఒంటి అక్షరాన్ని కూడా చూడాలి. ఎకానమీ అంతా ఒకటే కాదు. ఆ అక్షరాన్ని బట్టి భాగస్వామి సంస్థల ఖాతాలో పూర్తి మైళ్ళు పడవచ్చు, సగం పడవచ్చు, అసలు పడకపోవచ్చు. కంపెనీ ట్రావెల్ డెస్క్ వారు ఎప్పుడూ అన్నింటికన్నా చౌక అక్షరాన్నే ఎంచుతారు. వారిని అడిగి మార్పించుకోవడం జరిగే పని కాదు కాబట్టి, ఆ టికెట్టును ఏ ఖాతాలో వేసుకుంటే ఎక్కువ వస్తుందో ప్రయాణానికి ముందే ఆయా సంస్థల పట్టికలో చూసుకోవడం మన పని.

క్రెడిట్ కార్డుల సంగతి కొంత ఈ ఎంపికను తారుమారు చేయగలదు. యాక్సిస్, హెచ్‌డీఎఫ్‌సీ, అమెరికన్ ఎక్స్‌ప్రెస్ లాంటివారు తమ కొన్ని కార్డుల పాయింట్లను విమాన మైళ్ళుగా మార్చుకునే వీలిస్తారు, ఆ భాగస్వాముల్లో క్రిస్‌ఫ్లయర్ దాదాపు ప్రతి చోటా ఉంటుంది. ఇంటి అద్దె, స్కూలు ఫీజులు, కిరాణా ఖర్చుల పాయింట్లు ప్రయాణాల మైళ్ళకన్నా వేగంగా పెరిగే ఇళ్ళు బెంగళూరులో ఎన్నో ఉన్నాయి. అలాంటివారు ఏ కూటమి అన్నది పక్కన పెట్టి తమ కార్డు ఏ పథకంలోకి మెరుగైన నిష్పత్తిలో మారుతుందో దాన్నే రెండో ఖాతాగా తీసుకోవడం తెలివైన పని. బ్యాంకులు ఈ నిష్పత్తులను, ఏటా మార్చగల గరిష్ఠ పరిమితిని తరచుగా సవరిస్తుంటాయి కనుక టికెట్టు సీటు కంటికి కనిపించాక మార్చుకోవాలే తప్ప ముందుగానే మార్చి పెట్టుకోకూడదు. ఒకసారి మార్చిన పాయింట్లు వెనక్కి రావు.

మొత్తానికి నా సలహా ఇలా ఉంటుంది. మొదటి ఖాతా మహారాజా క్లబ్ అయి, అమెరికాలో అయినవాళ్ళు ఉన్నవారు ఖతార్ ప్రివిలేజ్ క్లబ్ తీసుకోవాలి. మొదటిది బ్లూచిప్ అయి, తూర్పు ఆసియా, ఆస్ట్రేలియా వైపు ఎక్కువగా తిరిగేవారు క్రిస్‌ఫ్లయర్ తీసుకుని ఎప్పుడైనా ఎక్కే ఎయిర్ ఇండియా మైళ్ళను కూడా అందులోనే వేసుకోవాలి. ఉద్యోగం పని మీద తరచుగా ఐరోపా వెళ్ళేవారికి ఫ్లయింగ్ బ్లూ. చెన్నైలో ఉన్న తెలుగువారికి మాత్రం ఈ చివరిది చెప్పను, ఎందుకంటే అక్కడి నుంచి పారిస్, ఆమ్‌స్టర్‌డామ్‌లకు ఈ సంస్థల విమానాలు నేరుగా లేవు; వారికి ఖతార్, సింగపూర్‌ల మధ్యే పోటీ. సభ్యత్వాలన్నీ ఉచితం కాబట్టి మూడూ తెరిచి పెట్టుకోవచ్చు కదా అని కొందరు అడుగుతారు. తెరవవచ్చు, కానీ ప్రతి ప్రయాణాన్నీ పడేసేది వాటిలో ఒకదానిలోనే అయి ఉండాలి. టికెట్టు తీసేటప్పుడు ట్రావెల్ డెస్క్ వారికి ఇచ్చే సభ్యత్వ నంబరు ఏదన్నది ముందే తేల్చుకుని వారి ప్రొఫైల్లో రాయించి పెట్టండి; ఆ గడి ఖాళీగా ఉంటే వారు దాన్ని ఖాళీగానే వదిలేస్తారు.